పదిలంగా పట్టుకొను: కెనడా మూలవాసి భాషల్లో చేతి క్రియలు

ఒక వస్తువును గానీ ప్రాణిని గానీ దెబ్బ తగలకుండా, జారిపోకుండా, నలగకుండా చేతిలోనో ఒడిలోనో వీపు మీదో ఉంచుకోవడాన్ని తెలిపే క్రియలను ఈ వ్యాసంలో 'పదిలంగా పట్టుకొను' అనే శీర్షిక కింద పరిచయం చేస్తున్నాం. పట్టుకోవడం మనుషులందరికీ ఉన్న పనే. ఆ పనిలోని జాగ్రత్తను మాత్రం ఒక్కో భాష ఒక్కో చోట దాచుకుంటుంది. కొన్ని భాషలు దాన్ని క్రియకు ముందు వచ్చే క్రియావిశేషణానికి అప్పగిస్తాయి, కొన్ని క్రియలోనే ఇముడ్చుకుంటాయి. ఈ తేడాను లోతుగా చూపే భాషలు కెనడాలో ఎక్కువ. వాటిలో దెనె కుటుంబం, క్రీ, ఒజిబ్వే భాషలున్న అల్గోంకియన్ కుటుంబం, ఆర్కిటిక్ ప్రాంతపు ఇనుయిట్ భాషలు ముఖ్యమైనవి.

తెలుగులో పట్టుకోవడం

తెలుగులో ఈ భావానికి మూలస్తంభం 'పట్టు' ధాతువు. 'కొను' చేరితే పని కర్త వైపు తిరుగుతుంది: పట్టుకొను, అందుకొను, ఎత్తుకొను. మృదుత్వం కావాలంటే మెల్లగా, పదిలంగా, సుతారంగా, జాగ్రత్తగా వంటి మాటలు ముందు చేర్చుకుంటాం. మృదుత్వాన్ని తనలోనే పెట్టుకున్న క్రియలూ మనకు ఉన్నాయి. 'పొదువుకొను' అన్నప్పుడు చుట్టూ ఆవరించి కాపాడే భావం క్రియలోనే ఉంది. 'పొదివి పట్టుకొను' అంటే రెండు చేతులతో దగ్గరకు తీసుకుని పదిలంగా పట్టుకోవడం. 'ఒడిసి పట్టుకొను' అంటే వేగంగా, బలంగా చిక్కించుకోవడం. ఈ రెండింటినీ ఒకదాని బదులు ఒకటి వాడలేం.

వస్తువును బట్టి క్రియ మారడం కూడా తెలుగువారికి కొత్త కాదు. చీర కడతాం, చొక్కా తొడుక్కుంటాం, పూలు ముడుచుకుంటాం, బొట్టు పెట్టుకుంటాం. ధరించడం అనే ఒకే పనికి వస్తువును బట్టి వేరు వేరు క్రియలు వచ్చాయి. దెనె భాషలు ఇదే పద్ధతిని పట్టుకోవడం, ఇవ్వడం, పెట్టడం, తీసుకోవడం అనే పనులన్నిటికీ వర్తింపజేస్తాయి. తెలుగులో అక్కడక్కడా కనిపించే ఈ లక్షణం అక్కడ వ్యాకరణమంతటా పరుచుకుని ఉంటుంది.

దెనె భాషా కుటుంబం

'దెనె' అంటే మనుషులు, జనం. భాషాశాస్త్ర గ్రంథాల్లో ఈ కుటుంబానికి అథబాస్కన్ అనే పేరు కూడా ఉంది. మానిటోబా, సస్కాచెవాన్ ఉత్తర భాగాల నుంచి ఆల్బర్టా, బ్రిటిష్ కొలంబియా, వాయవ్య భూభాగాలు, యూకాన్ మీదుగా అలాస్కా దాకా ఈ భాషలు విస్తరించాయి. కెనడాలో దెనె సుఁలినె, త్లిఁచోఁ, ఉత్తర స్లేవీ, దక్షిణ స్లేవీ, గ్విచిన్, కాస్కా, దకెల్, చిల్కోటిన్, సూటినా మొదలైనవి ఈ కుటుంబానికి చెందుతాయి. అమెరికా నైరుతిలోని నవహో, అపాచీ భాషలు వీటికి దూరపు చుట్టాలు. వాయవ్య భూభాగాల 11 అధికార భాషల్లో ఐదు దెనె భాషలే. తెలుగు కుటుంబాలు స్థిరపడిన కాల్గరీ నగరానికి నైరుతి అంచున ఆనుకుని ఉన్నది సూటినా జాతి భూమి. వారి భాష కూడా ఇదే కుటుంబంలోది.

దెనె క్రియ చాలా పొడవైనది. ధాతువు చివర ఉంటుంది. దిక్కు, కర్త, కర్మ, పని జరిగిన తీరు తెలిపే ఉపసర్గలు దాని ముందు వరుసగా చేరతాయి. పని పూర్తయిందా, సాగుతోందా, జరగబోతోందా అన్నదాన్ని బట్టి ధాతువు రూపం కూడా మారుతుంది. అందువల్ల ఒక్క క్రియే తెలుగులో ఒక పూర్తి వాక్యం చెప్పేంత చెబుతుంది.

ఆకారాన్ని బట్టి ధాతువు

దెనె భాషల్లో 'పట్టుకొను' అనే భావానికి అన్ని వస్తువులకూ సరిపోయే ఒకే ధాతువు దొరకదు. పట్టుకున్న దాని ఆకారం, స్వభావం చూసి ధాతువును ఎంచుకోవాలి. ఈ గుంపును భాషాశాస్త్రవేత్తలు వర్గీకరణ క్రియలు అంటారు. వర్గాల సంఖ్య భాషను బట్టి కొంత మారినా ముఖ్యమైనవి ఇవి:

రాయి, బంతి వంటి గట్టి, గుండ్రని వస్తువులు. కర్ర, తెడ్డు, తుపాకి వంటి పొడవైన బిరుసు వస్తువులు. దుప్పటి, గుడ్డ వంటి పలుచని, మడతపడే వస్తువులు. తాడు వంటి పొడవైన మెత్తని వస్తువులు. లోపల పదార్థం ఉన్న మూతలేని పాత్రలు, అంటే టీ ఉన్న కప్పు, సూప్ ఉన్న గిన్నె. బురద, పిండి ముద్ద వంటి మెత్తని పదార్థాలు. ఒకటికి మించిన వస్తువుల గుంపు. పసిపాప, కుక్కపిల్ల వంటి ప్రాణులు.

నవహోలో ఇటువంటి ధాతువులు 11 అని లెక్క. గట్టి గుండ్రని వస్తువుకు 'ఆఁ', పొడవైన బిరుసు వస్తువుకు 'తాఁ', మూతలేని పాత్రకు 'కాఁ' అనే రూపాలు పని పూర్తయినట్లు చెప్పేటప్పుడు వస్తాయి. ఉత్తరాన కెనడా దెనె భాషల్లోనూ వీటి సోదర రూపాలే వాడుకలో ఉన్నాయి. వేల కిలోమీటర్ల దూరం, శతాబ్దాల ఎడబాటు వచ్చినా ఈ వ్యవస్థ రెండు వైపులా నిలిచి ఉండడం దాని ప్రాచీనతకు బలమైన సాక్ష్యం.

ఈ ఎంపిక వల్ల నామవాచకపు అర్థం కూడా తేలిపోతుంది. 'టీ ఇవ్వు' అన్నప్పుడు పాత్ర ధాతువు వాడితే కప్పులో కాచిన టీ అడిగినట్టు. గట్టి గుండ్రని వస్తువు ధాతువు వాడితే డబ్బాలోనో పొట్లంలోనో ఉన్న టీపొడి అడిగినట్టు. నామవాచకం మారకపోయినా చేతికి రావలసిన వస్తువు ఏదో క్రియే చెప్పేస్తుంది. వినేవాడు చేయి చాచే ముందే ఆ చేతిని ఎలా మలుచుకోవాలో తెలుసుకుంటాడు.

చేయి వదలడం, వదలకపోవడం

మృదుత్వానికి వ్యాకరణంలో చోటు దొరికేది ఇక్కడ. దెనె వర్గీకరణ క్రియలు నాలుగు తరగతులుగా ఉంటాయి. మొదటిది వస్తువు ఒకచోట నిశ్చలంగా ఉండడం. రెండవది చేయి వస్తువును అంటిపెట్టుకుని ఉండగా జరిగే పని: తీసుకోవడం, మోయడం, అందించడం, దించి పెట్టడం. మూడవది చేయి పని మొదలుపెట్టి మధ్యలో వదిలేయడం: విసరడం, గిరాటెయ్యడం, జారవిడవడం. నాలుగవది చేతి ప్రమేయం లేకుండా వస్తువు తనంతట తాను పడడం, దొర్లడం.

రెండవ తరగతికీ మూడవ తరగతికీ మధ్య గీత చాలా స్పష్టమైనది. కప్పును బల్ల మీద పెట్టడం, కప్పును బల్ల మీదికి పడేయడం అన్న రెండు పనులకు వేరు వేరు ధాతువులు. పెట్టడంలో చేయి చివరిదాకా తోడుంటుంది. వస్తువు బల్లను తాకిన తరువాతే వేళ్లు విడతాయి. ఈ తోడునే భాషాశాస్త్ర గ్రంథాలు 'నియంత్రిత' చర్య అంటాయి. పడేయడంలో ఆ తోడు మధ్యలో తెగిపోతుంది. తెలుగులో 'జాగ్రత్తగా పెట్టాడు' అనడానికి మనం కలిపే 'జాగ్రత్తగా' అక్కడ ధాతువు ఎంపికలోనే వచ్చేస్తుంది.

ఒక హెచ్చరిక అవసరం. రెండవ తరగతి క్రియ ప్రేమను గానీ భక్తిని గానీ చెప్పదు. చేయి వస్తువును వదల్లేదని మాత్రమే చెబుతుంది. మృదుత్వం ఆ స్థిరమైన స్పర్శ నుంచి వినేవారికి తోచే అర్థం. పసిబిడ్డ విషయంలో ప్రాణి ధాతువు, నియంత్రిత తరగతి కలిసినప్పుడు తెలుగులోని 'బిడ్డను ఎత్తుకొను'కు దగ్గరి భావం వస్తుంది. ఆ రెండు ఎంపికలూ చేయకుండా దెనె భాషలో ఈ మాట చెప్పడానికి వీలుండదు.

క్రీ, ఒజిబ్వే: చేతికి ఒక ప్రత్యయం

క్రీ కెనడాలో అత్యధికులు మాట్లాడే మూలవాసి భాషల సమూహం. ఆల్బర్టా నుంచి క్విబెక్, లాబ్రడార్ దాకా దీని మాండలికాలు ఉన్నాయి. మైదాన ప్రాంతపు క్రీ భాషను దాన్ని మాట్లాడేవారు నేహియవేవిన్ అంటారు. ఇక్కడ పట్టుకోవడానికి వస్తువు ఆకారాన్ని బట్టి ధాతువు మార్చనక్కర్లేదు. పని ఏ అవయవంతో జరిగింది, పట్టుకున్నది ప్రాణమున్న వర్గమా కాదా అన్నవి ముఖ్యం.

చేతితో చేసిన పనికి 'ఇన్' అనే అంశం క్రియలో చేరుతుంది. ఒతినమ్ అంటే దాన్ని తీసుకుంటాడు. ఒహ్‌పినమ్ అంటే పైకెత్తుతాడు. పకితినమ్ అంటే చేతిలోంచి విడిచి పెడతాడు, దించుతాడు. అవయవం మారితే అంశం మారుతుంది. పీకొనమ్ అంటే చేత్తో విరగ్గొడతాడు, పీకొస్కమ్ అంటే కాలితోనో ఒంటితోనో, పీక్వహమ్ అంటే పనిముట్టుతో. విరగడం ఒకటే, దాన్ని చేసిన అవయవమే వేరు.

పట్టుకోవడానికి మూల క్రియ రెండు రూపాల్లో ఉంటుంది. ప్రాణమున్న వర్గానికి తహ్‌కొనేవ్, ప్రాణం లేని వర్గానికి తహ్‌కొనమ్. తెలుగులో వచ్చాడు, వచ్చింది అనే తేడాను కర్త నిర్ణయిస్తాడు. క్రీలో ఈ తేడాను నిర్ణయించేది కర్మ. ఆ వర్గ విభజన జీవశాస్త్రానికి కట్టుబడి ఉండదు. మనుషులు, జంతువులతో పాటు రాయి, పొగతాగే గొట్టం, రొట్టె, చేతి తొడుగు, మంచు బూటు కూడా ప్రాణమున్న వర్గంలోనే ఉన్నాయి. రాస్ప్‌బెర్రీ ఆ వర్గానికి చెందుతుంది, స్ట్రాబెర్రీ చెందదు. కాబట్టి ఒక పండును చేతిలో పట్టుకుంటే తహ్‌కొనేవ్, పక్క పండును పట్టుకుంటే తహ్‌కొనమ్. వేడుకల్లో వాడే పొగతాగే గొట్టాన్ని పట్టుకోవడానికి మనిషిని పట్టుకునే క్రియా రూపమే వస్తుంది.

గట్టిగా వదలకుండా పట్టుకోవడానికి మిచిమినమ్ అనే వేరే క్రియ ఉంది. మృదుత్వం చెప్పాలంటే పేయాహ్‌తిక్ అనే అవ్యయం చేరుస్తారు. మెల్లగా, జాగ్రత్తగా, నింపాదిగా అనే మూడు అర్థాలూ దానికున్నాయి. చేతిని దాటి ప్రవర్తన దాకా వెళ్లే క్రియ మనాచిహేవ్. ఒకరిని నొప్పించకుండా, మన్ననతో, కాపాడుకుంటూ చూడడం దాని అర్థం.

చేతి అంశం స్థానంలో మనసును తెలిపే 'ఏయి' అంశం వచ్చిన క్రియలు మరో తలుపు తెరుస్తాయి. కనవేయిహ్‌తమ్ అంటే దాన్ని భద్రంగా ఉంచుకుంటాడు, కనవేయిమేవ్ అంటే ఒకరిని కనిపెట్టుకుని చూసుకుంటాడు. పట్టుకోవడం చేతి పని, సంరక్షణ మనసు పని అన్న తేడా క్రియ లోపలి నిర్మాణంలోనే కనిపిస్తుంది.

క్రీకి దగ్గరి బంధువైన ఒజిబ్వే భాష ఆంటారియో, మానిటోబాల్లో విస్తారంగా ఉంది. అక్కడ దకొనన్ అంటే దాన్ని పట్టుకొను, మింజిమినన్ అంటే కదలకుండా పట్టి ఉంచు. క్రీలోని తహ్‌కొనమ్, మిచిమినమ్‌లకు ఇవి సోదర రూపాలు.

పసిబిడ్డను ఒడిలోనే కాక నాచు సంచిలో భద్రపరచడం ఈ సమాజాల్లో పాత ఆచారం. ఎండబెట్టిన స్ఫాగ్నమ్ నాచు తడిని బాగా పీల్చుకుంటుంది. దాన్ని పరిచి, బిడ్డను పెట్టి, సంచిని తాళ్లతో అల్లికగా కడతారు. క్రీలో ఆ సంచి పేరు వాస్పిసొన్, బిడ్డను అలా కట్టడం వాస్పితేవ్. చెక్క పలకతో చేసిన ఊయల వంటి మోత సాధనం తిహ్‌కినాకన్, ఒజిబ్వేలో దికినాగన్. రెండు చేతులూ పనిలో ఉన్నా బిడ్డను విడవకుండా ఉండడానికి ఈ జనం కనిపెట్టిన ఉపాయాలివి.

ఇనుయిట్ భాషలు: చేయి, వీపు, కుటుంబం

నునావుట్, నునావిక్ ప్రాంతాల్లో మాట్లాడే ఇనుక్టిటుట్‌లో 'తిగు' ధాతువుకు తీసుకొను, పట్టుకొను అని అర్థం. ఆ పట్టు కొనసాగుతూ ఉంటే తిగుమియక్ అనే రూపం వస్తుంది, అంటే చేతిలో పెట్టుకుని ఉండడం. ఒకసారి పట్టుకోవడం, పట్టుకునే ఉండడం అన్న తేడా ఇక్కడ ప్రత్యయంతో తెలుస్తుంది. ఇదే ధాతువు నుంచి వచ్చిన తిగుఅక్ అనే మాటకు పెంపుడు బిడ్డ అని అర్థం. బంధువుల మధ్య బిడ్డను పెంపకానికి ఇచ్చిపుచ్చుకోవడం ఇనుయిట్ సమాజంలో గౌరవనీయమైన ఆచారం. తెలుగులో 'చేరదీయు', 'పెంచుకొను' అనే మాటలు చేసే పని అక్కడ పట్టుకోవడం అనే ధాతువు చేస్తుంది.

బిడ్డను వీపున మోయడానికి అమాక్ అనే వేరే ధాతువు ఉంది. ఇనుయిట్ స్త్రీలు ధరించే అమౌతి అనే కోటుకు వెనుక వైపు పెద్ద సంచి ఉంటుంది. బిడ్డ అందులో తల్లి వీపుకు అంటుకుని ఆమె ఒంటి వెచ్చదనం పొందుతుంది. నడుముకు కట్టిన పట్టీ బిడ్డ కిందికి జారకుండా ఆపుతుంది. బిడ్డను చలిగాలికి బయటపెట్టకుండానే ముందుకు తిప్పి పాలివ్వవచ్చు. ధాతువుకూ దుస్తుకూ పేరు ఒకే మూలం నుంచి రావడం ఈ మోత ఆ జీవితానికి ఎంత కీలకమో తెలుపుతుంది.

సంజ్ఞా భాషలు

పట్టుకోవడాన్ని నేరుగా చేతితోనే చెప్పే భాషలు సంజ్ఞా భాషలు. కెనడాలో అమెరికన్ సంజ్ఞా భాష, క్విబెక్ సంజ్ఞా భాష ప్రధానంగా వాడుకలో ఉన్నాయి. మూలవాసి సంజ్ఞా భాషలు కూడా ఉన్నాయి. 2019లో వచ్చిన కెనడా సుగమ్యతా చట్టం ఈ మూడింటినీ బధిరుల ప్రధాన భాషలుగా గుర్తించింది. వీటిలో చేతి ఆకారమే వస్తువును ఎలా పట్టుకున్నారో చూపుతుంది. కాగితం పట్టుకున్న వేళ్లు ఒక రకంగా, గ్లాసు పట్టుకున్న అరచేయి మరో రకంగా వంగుతాయి. దెనె భాష ధాతువుతో చేసే వర్గీకరణను ఇవి వేళ్లతో చేస్తాయి. నెమ్మది, బిగువు కదలికలోనే తెలిసిపోతాయి.

అధ్యయన చరిత్ర

ఈ క్రియల గురించి మొదటి విస్తృత వివరాలు మిషనరీల నిఘంటువుల్లో ఉన్నాయి. ఎమిల్ పెతితో రాసిన దెనె నిఘంటువు 1876లో అచ్చయింది. బ్రిటిష్ కొలంబియాలో దకెల్ ప్రజల మధ్య దశాబ్దాలు గడిపిన ఆద్రియెన్ గాబ్రియెల్ మోరిస్ ఆ భాషపై రెండు సంపుటాల గ్రంథాన్ని 1932లో వెలువరించాడు. భాషాశాస్త్రవేత్త ఎడ్వర్డ్ సపీర్ 1910 నుంచి 1925 దాకా ఒట్టావాలో కెనడా ప్రభుత్వ మానవశాస్త్ర విభాగానికి అధిపతిగా ఉండి, 1922లో సూటినా భాషను అధ్యయనం చేశాడు. ఆయన శిష్యుడైన చైనా భాషాశాస్త్రవేత్త లీ ఫాంగ్ క్వే 1928లో ఆల్బర్టాలోని ఫోర్ట్ చిపెవాన్‌కు వెళ్లి, ఫ్రాన్స్వా మాండెవిల్ అనే దెనె కథకుడి నోట విని దెనె సుఁలినె కథలు రాసుకున్నాడు. అవి 1976లో పుస్తకంగా వచ్చాయి.

భాషాశాస్త్రవేత్త లియోనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ 1925లో సస్కాచెవాన్‌లోని స్వీట్ గ్రాస్‌లో క్రీ కథలు సేకరించాడు. హ్యారీ హోయిజర్ 1945లో అపాచీ శాఖ వర్గీకరణ క్రియలపై రాసిన వ్యాసం ఈ అంశానికి పునాది వేసింది. 1963లో ఆయన మరో ఇద్దరితో కలిసి ఉత్తర, దక్షిణ దెనె భాషల క్రియలను పోల్చాడు. టొరంటో విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలిగా పనిచేసిన కెరెన్ రైస్ 1989లో ప్రచురించిన స్లేవీ వ్యాకరణం ఈ రంగంలో ప్రామాణిక గ్రంథం. క్రీ భాషకు ఆ భాషలోనే పుట్టి పెరిగిన ఫ్రీడా అహెనకేవ్ 1987లో రాసిన వ్యాకరణ బోధన గ్రంథం ప్రసిద్ధమైనది. మూలవాసులే తమ భాషకు వ్యాకరణం రాసే దశకు అది ముఖ్యమైన మెట్టు.

భాష, ఆలోచన

ఆకారాన్ని బట్టి క్రియ మార్చే భాష మాట్లాడే పిల్లలు వస్తువులను వేరుగా చూస్తారా అన్న ప్రశ్నపై జాన్ కారల్, జోసెఫ్ కాసగ్రాండ్ 1958లో ప్రచురించిన ప్రయోగం పేరుపొందింది. నవహో ప్రధానంగా మాట్లాడే పిల్లలు, ఇంగ్లీషు ప్రధానంగా మాట్లాడే నవహో పిల్లల కన్నా ఎక్కువగా, రంగును కాక ఆకారాన్ని బట్టి వస్తువులను జత చేశారు. అయితే బోస్టన్‌లోని ఇంగ్లీషు మాట్లాడే పిల్లలూ ఆకారానికే మొగ్గు చూపారు. ఆకారాలు పేర్చే ఆటబొమ్మలతో వారికున్న అలవాటు అందుకు కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. కాబట్టి భాష మనసును బంధిస్తుందని తేల్చడం తొందరపాటు. భాష ఒక అలవాటును చిన్ననాడే నేర్పుతుంది, ఆ అలవాటును మరో దారిలోనూ నేర్చుకోవచ్చు అన్నంతవరకు చెప్పడం న్యాయం.

క్షీణత, పునరుద్ధరణ

మూలవాసి పిల్లలను ఇళ్ల నుంచి తీసుకుపోయి ఉంచిన రెసిడెన్షియల్ పాఠశాలలు ఈ భాషలకు తీవ్రమైన గాయం చేశాయి. సుమారు 1,50,000 మంది పిల్లలు వాటిలో గడిపారు. తల్లి భాష మాట్లాడినందుకు శిక్షలు పడ్డాయి. చివరి పాఠశాలలు 1990ల్లో మూతపడ్డాయి. చేతి క్రియలకు ఈ దెబ్బ మరింత లోతుగా తగిలింది. అవి వంటింట్లో, వలల దగ్గర, చర్మం శుభ్రపరిచే చోట, బిడ్డను చేతులు మార్చుకునే చోట పెద్దల నోట విని అబ్బే క్రియలు. ఆ చోట్ల నుంచే పిల్లలను దూరం చేశారు.

ఈ పాఠశాలలపై విచారణ జరిపిన సత్యశోధన, సయోధ్య కమిషన్ 2015లో 94 పిలుపులతో తన పని ముగించింది. వాటిలో మూలవాసి భాషలకు చట్టం, ప్రత్యేక కమిషనర్ కావాలన్న పిలుపులున్నాయి. మూలవాసి భాషల చట్టానికి 2019 జూన్ 21న ఆమోదం లభించింది. 2021 జనగణన ప్రకారం కెనడాలో 70కి పైగా మూలవాసి భాషలు ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి మాట్లాడగలవారు సుమారు 2,37,000 మంది. క్రీ భాషలవారు 86,000కు పైగా, ఇనుక్టిటుట్ వారు సుమారు 40,000. దెనె సుఁలినెకు సస్కాచెవాన్ ఉత్తరాన లా లోష్, బ్లాక్ లేక్ వంటి ఊళ్లు నేటికీ గట్టి పట్టుకొమ్మలు.

ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో 1999 నుంచి సాగుతున్న మూలవాసి భాషల వేసవి శిక్షణ సంస్థ ఉపాధ్యాయులను తయారుచేస్తోంది. అదే విశ్వవిద్యాలయం నడిపే ఇత్వేవిన అనే ఉచిత అంతర్జాల నిఘంటువులో క్రీ క్రియా రూపాలను వెతుక్కోవచ్చు. ఐక్యరాజ్యసమితి 2022 నుంచి 2032 వరకు మూలవాసి భాషల దశాబ్దంగా ప్రకటించింది.

చేతి క్రియలను పుస్తకంలో జాబితాగా రాసి పెట్టడంతో అవి బతకవు. టీ కప్పు, దుప్పటి, తాడు, బిడ్డ ఎదురుగా ఉండాలి. అడిగేవారు, అందించేవారు ఉండాలి. ఈ భాషల రక్షణకు నిధులిచ్చేవారు, పాఠాలు రాసేవారు ఈ సంగతిని ముందు గుర్తించాలి. కెనడాలో ఇల్లు కట్టుకున్న తెలుగువారు తమ బిడ్డకు తెలుగు నేర్పాలని తపిస్తారు. ఆ తపన విలువ తెలిసినవారు తాము ఉంటున్న నేల భాష ఏదో తెలుసుకోవాలి, దాని నాలుగు మాటలు నేర్చుకోవాలి, ఆ భాషా బోధనకు అండగా నిలవాలి.